52 పుస్తకాల పందెం: నేను 31 దగ్గర ఆగిపోయాను, అందులోనూ ఒకటి కొట్టేయమంటున్నారు

కిటికీ_సీటు
డిసెంబరు 20 దాటిపోయింది. జనవరిలో ఇక్కడే, మీ అందరి ముందూ, వారానికొకటి చొప్పున ఏడాదికి 52 చదువుతానని గొప్పగా రాశాను. ఇప్పటికి 31. అందులో గురజాడ నాటకం కన్యాశుల్కం రెండుసార్లు వేసుకున్నాను, 1897లో వచ్చిన మొదటి కూర్పు ఒకటి, 1909లో వచ్చిన రెండోది ఒకటి. లెక్కల మాస్టారు నిన్న విడిగా మెసేజ్ పెట్టారు, అది ఒకటే పుస్తకం, ఒకటి కొట్టేయండమ్మా అని. అంటే 30. ఏడాదంతా బస్సులో నడుం విరగ్గొట్టుకున్నదానికి 30.

నా చదువంతా బస్సులోనేనని చాలామందికి తెలుసు. విశాఖలో ఈ చివర మధురవాడ నుంచి ఆ చివర గాజువాక. పొద్దున గంటన్నర, సాయంత్రం ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్ పట్టేస్తే రెండు గంటలు, పట్టెయ్యని రోజు ఒక్కటీ లేదు. జూలై దాకా బాగానే నడిచింది. ఆ తర్వాత ఏమైందంటే, పుస్తకం చేతిలోకి తీసుకోగానే ముందు చివరికి తిప్పి ఎన్ని పేజీలో చూడడం అలవాటైంది. అక్టోబరుకి వచ్చేసరికి నూటపాతిక పేజీలు దాటినవాటిని ముట్టుకోవడమే మానేశాను. విశ్వనాథవారి లావుపాటి నవల వేయిపడగలు కొని ఏడాదైంది, ఇప్పుడు దాని మీద మా ఇంట్లో ఇస్త్రీ బట్టలు పెడుతున్నారు. ఏం చదివావంటే పేర్లు గడగడా చెబుతాను, సెప్టెంబరులో చదివినవాటిలో ఎవరు ఎవరి మొగుడో కూడా గుర్తు లేదు. మీకెవరికైనా ఇలా అయిందా, నాకేనా?

ఇంకొకటి కూడా ఇప్పుడే చెప్పేస్తాను, తిట్టేవాళ్ళు అంతా ఒకేసారి తిట్టేయొచ్చు. రావిశాస్త్రిగారి అల్పజీవి నాకు నచ్చలేదు. మన ఊరి నవల, మన ఊరి రచయిత, అన్నీ తెలుసు. అందులో ఆ పిరికి సుబ్బయ్యని చూస్తే నాకు జాలి రాలేదు, చిరాకొచ్చింది.

ముంత_మసాలా
ఆగండాగండి, పల్లీలు తెచ్చుకుని కూర్చుంటాను. పాతపోస్టాఫీసు గారు ఇంకా చూసినట్టు లేరు.

లెక్కల_మాస్టారు
విడిగా చెప్పినమాట తెచ్చి ఇక్కడ పెట్టేశారు, సరే. నియమం జనవరి మొదటి వారంలోనే చెప్పాను. ఒకే రచన ఎన్ని ముద్రణలు చదివినా ఒకటే లెక్క. ఒక్కరికి సడలిస్తే రేపు ఇంకొకరు మహాప్రస్థానం ఆరు ముద్రణలు ఆరుగా వేసుకుంటారు. నాకు ఎవరి మీదా కక్ష లేదు. పట్టిక తయారుచేసేవాడికి ఎప్పుడూ తిట్లే, నలభై ఏళ్ళు మార్కులు వేసినవాడిని, నాకు కొత్త కాదు.

కిటికీ_సీటు
ముద్రణ వేరు, కూర్పు వేరు మాస్టారూ. గురజాడ పన్నెండేళ్ళ తర్వాత దాన్ని దాదాపు మళ్ళీ రాశారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి, రెండోదాంట్లో మధురవాణి ఎంత పెరిగిపోయిందో. మొదటిదాంట్లో ఆవిడ కథలో ఒక మనిషి, రెండోదాంట్లో కథే ఆవిడ చేతిలో ఉంటుంది. నాకు ఈ ఏడాది మొత్తంలో బాగా సంతోషం కలిగించిన నాలుగు వారాలు అవే, రెండు పుస్తకాలూ ఒళ్ళో పెట్టుకుని ఇక్కడిది అక్కడ ఏమైందా అని వెతుక్కున్న వారాలు. దాన్నే కొట్టేయమంటే ఎలా?

అనకాపల్లి_బెల్లం
నేను కన్యాశుల్కం రేడియో నాటకంగా విన్నాను, పుస్తకంగా చదివాను, సినిమా చూశాను. మూడా, ఒకటా, ఒకటిన్నరా?

లెక్కల_మాస్టారు
ఒకటి.

అనకాపల్లి_బెల్లం
గిరీశమైతే మూడు వేయించుకునేవాడు మీ చేత, పైగా చుట్టల ఖర్చు కూడా లాగేవాడు.

ముంత_మసాలా
ఈ తగువు చూస్తుంటే పతంజలిగారి గోపాత్రుడు గుర్తొస్తోంది. అలమండలో భూమి గుండ్రంగా ఉందా బల్లపరుపుగా ఉందా అని ఊరు ఊరంతా రెండుగా చీలి కొట్టుకుంటారు కదా, ఇక్కడ కన్యాశుల్కం ఒకటా రెండా అని. నేను బల్లపరుపు పార్టీ. ఈ ఏడాది నేను చదివినవి 14, అందులో పతంజలివే 5. వీరబొబ్బిలిలో ఆ కుక్క ఆలోచనలు చదువుతూ రాత్రి పన్నెండింటికి పగలబడి నవ్వితే మా అమ్మ లేచొచ్చి ఫోన్ లాక్కుంది. పుస్తకం అని చూపిస్తే నమ్మలేదు.

భీమిలి_బామ్మ
కిటికీ_సీటూ, నీకు అయిందే నాకూ అయింది, కాకపోతే తిరగేసి. నేను పందెంలో పేరిచ్చింది మా మనవరాలి పోరు పడలేక. మొదటి మూడు నెలలు ఆవిడ చెప్పినట్టే కొత్తవి చదివాను. తర్వాత ఓపిక చచ్చిపోయి నా పాతవే తీశాను. ఎన్నిసార్లు చదివినవాటిని వేసుకోవచ్చో మాస్టారు చెప్పలేదు కాబట్టి వేసుకున్నాను. నా 40లో పాతవే 26. బుచ్చిబాబు నవల చివరకు మిగిలేది నేను పెళ్ళికాక ముందు చదివాను, అప్పుడు అందులో హీరో దయానిధి మీద ప్రేమ. నలభైల్లో చదివాను, అప్పుడు వాడి మీద కోపం, చుట్టూ ఇంతమంది ఆడవాళ్ళని కష్టపెట్టి ఇంకా తత్త్వం మాట్లాడతాడేమిటి అని. ఈ ఆగస్టులో మళ్ళీ చదివితే దయానిధి పక్కకి పోయాడు, వాళ్ళమ్మ కనిపించింది. ఆవిడ గురించి ఊరు అనుకున్న మాటలే వాణ్ణి జీవితమంతా వెంటాడాయి కదా, మరి ఆవిడ ఏమనుకుని ఉంటుంది? ఆవిడకి ఎవరైనా కాగితం కలం ఇచ్చారా? పుస్తకం మూసి చాలాసేపు సముద్రం వైపు చూస్తూ కూర్చున్నాను. మా ఇంట్లోంచి కనిపిస్తుంది లెండి, గొప్పకి చెప్పడం లేదు.

సీతమ్మధార_పిల్ల
బామ్మగారూ, మీ కోపం దశలో ఉన్నాను నేను. నాది మొత్తం 9. నవ్వకండి, చిన్నప్పటి నుంచీ ఇంగ్లీష్ మీడియం, తెలుగు పేపర్ హెడ్డింగులు తప్ప ఏమీ చదివింది లేదు. జనవరిలో బుడుగుతో మొదలెట్టాను, అందరూ సులువు అన్నారని. అస్సలు సులువు కాదు, ఆ పిల్లాడు మాట్లాడినట్టే రాస్తే నేను ప్రతి ముక్కా పైకి చదువుకుంటే తప్ప అర్థం కాలేదు. కానీ పైకి చదువుతుంటే వంటింట్లోంచి మా నాన్న తర్వాతి వాక్యం చూడకుండా చెప్పేశారు. మా నాన్నకి అంత నోటికొచ్చని నాకు ఇరవై ఏళ్ళొచ్చేదాకా తెలీదు.

చివరకు మిగిలేది నాకు ఏడు వారాలు పట్టింది. దయానిధికి ఏం కావాలో దయానిధికే తెలీదు. మధ్యలో రెండుసార్లు గోడకేసి కొడదామనుకున్నాను, లైబ్రరీ పుస్తకం కాబట్టి ఆగాను.

సి_షిఫ్ట్
9 అంటే తక్కువేం కాదమ్మా. నావి 11. ఒక్కటి చెప్తాను. కేశవరెడ్డిగారి అతడు అడవిని జయించాడు. పేరు చూసి పులుల వేట అనుకున్నాను. ఒక ముసలాయన, ఆయన పంది. ఈనబోయే సుక్కపంది అడవిలో ఉండిపోతే వెతుక్కుంటూ పోతాడు, రాత్రంతా అక్కడే. అంతే కథ. నేను దాన్ని నైట్ డ్యూటీలో రెస్ట్ టైములో మొదలెట్టాను, రెండున్నరకి. మా దగ్గర ఆ వేళప్పుడు మిషన్ల చప్పుడు తప్ప మనిషి మాట ఉండదు. ఆయన చెట్టెక్కి నక్కల్ని చూస్తుంటే నాకు వెనక్కి తిరిగి చూడాలంటే భయం వేసింది. ఉదయం షిఫ్టు దిగేసరికి పుస్తకం అయిపోయింది, ఆయనకీ తెల్లారింది, నాకూ తెల్లారింది. కూర్మన్నపాలెం జంక్షన్‌లో టీ తాగుతుంటే గ్లాసు పట్టుకున్న చెయ్యి వణికింది, అది నిద్ర లేకా పుస్తకం వల్లా అన్నది చెప్పలేను.

అది నూటపాతిక పేజీల లోపే, కిటికీ_సీటు గారూ. సన్నగా ఉన్నందుకు మీరు సిగ్గుపడక్కర్లేదు.

కిటికీ_సీటు
సన్నగా ఉన్నందుకు కాదండీ సిగ్గు, సన్నగా ఉందని తీసినందుకు. యజ్ఞం నేను అలాగే తీశాను, నిజం చెప్పాలంటే. కాళీపట్నం రామారావుగారు, అదే మన కారా మాస్టారి యజ్ఞంతో తొమ్మిది, కథలు కదా రెండ్రోజుల్లో అయిపోతుందనుకున్నాను. ఒక్క యజ్ఞం కథకే వారం పట్టింది.

నేను ఆఫీసులో వడ్డీ లెక్కలు చూస్తాను. రోజూ. అసలు ఎంత, ఎన్నాళ్ళు, ఎంతైంది. యజ్ఞంలో అప్పల్రాముడి అప్పు గురించి ఊరంతా కూర్చుని మాట్లాడుతుంటే నేను అలవాటు కొద్దీ మనసులో కూడుతూ పోయాను. ఎవడో మోసం చేస్తాడు, లెక్కలో ఎక్కడో తప్పు దొరుకుతుంది, పట్టుకుందాం అని. అక్కడ అందరూ ధర్మం గురించే మాట్లాడతారు, పెద్దమనిషి శ్రీరాములు నాయుడు కూడా చెడ్డవాడు కాడు, బాకీ ఉందన్నది అబద్ధమూ కాదు. అయినా చివరి పేజీకి వచ్చేసరికి జరిగేది జరుగుతుంది. చదవనివాళ్ళున్నారు కాబట్టి చెప్పను. ఆ రోజు ఎన్‌ఏడీలో బస్సు ముప్పావుగంట ఆగిపోయింది, నేను గమనించలేదు.

అప్పుడు జరిగింది ఒకటి చెప్పాలి. పక్క సీటులో పెద్దావిడ, కంచరపాలెంలో ఎక్కినట్టుంది, నా భుజం మీంచి చదువుతోంది. నేను పేజీ తిప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపింది, "ఉండమ్మా, నాకింకా అవలేదు" అని. ఇద్దరం కలిసి నాలుగు పేజీలు చదివాం. దిగుతూ, ఆ కుర్రోడు ఏం చేస్తాడో నాకు తెలిసిపోయిందమ్మా, చెప్పొద్దులే అంది.

భీమిలి_బామ్మ
ఆవిడ లెక్కలో కూడా ఒకటి వెయ్యాలి మాస్టారూ.

లెక్కల_మాస్టారు
నాలుగు పేజీలకా?

అనకాపల్లి_బెల్లం
యజ్ఞం అంటే నేనూ ఒకటి చెబుతా. కారా మాస్టారు మన ఊళ్ళోనే బడిపంతులుగా పనిచేశారని, తర్వాత శ్రీకాకుళంలో తెలుగు కథల కోసమే కథానిలయం అని లైబ్రరీ పెట్టారని తెలుసు కానీ ఎప్పుడూ వెళ్ళలేదు. 1997 నుంచి ఉంది, ఇక్కడి నుంచి రెండు గంటల దారి, ఇన్నేళ్ళు పోలేదంటే మన బద్ధకం. పందెం పేరు చెప్పుకుని జూన్‌లో వెళ్ళాను. లోపల కూర్చుని పాత పత్రికలు తిప్పుతుంటే ఒకటి తట్టింది. ఆ మనిషి రాసినవి లెక్కపెడితే పెద్దగా ఉండవు. ఇతరులు రాసినవి వేలకొద్దీ పోగుచేసి పెట్టారు. మనమేమో ఇక్కడ 31 అయిందా 30 అయిందా అని...

ముంత_మసాలా
చూశారా, మెల్లగా నీతి బోధలోకి దిగిపోతున్నాడు బెల్లం. పుస్తకం పేరులోనే యజ్ఞంతో తొమ్మిది అని ఉంది, ఆ తొమ్మిదీ కిటికీ_సీటు గారి 31కి కలిపెయ్యండి మాస్టారూ, 40 అవుతుంది, బామ్మగారితో సమానం.

అనకాపల్లి_బెల్లం
నీతి కాదురా, కడుపు మంట. నావి 19.

హుద్‌హుద్_తర్వాత
నేనెప్పుడూ చదివి ఊరుకుంటాను, ఈసారి రాయాలనిపించింది. వేయిపడగల మీద ఇస్త్రీ బట్టలు అన్నమాట దగ్గర ఆగిపోయాను.

2014 అక్టోబరు 12, హుద్‌హుద్ తుపాను వచ్చిన రోజు. మాది మర్రిపాలెం వైపు, మూడో అంతస్తు. కిటికీ అద్దాలు మధ్యాహ్నానికే పోయాయి, గాలి వాన రెండూ లోపలే. పుస్తకాల అలమార సరిగ్గా ఆ కిటికీకి ఎదురుగా. మా నాన్న మంచం అడ్డం పెట్టి నిలబెట్టి పట్టుకున్నారు, ఆయన బలం ఎంత. సాయంత్రానికి నాలుగు వందల పైచిలుకు పుస్తకాలు ముద్దముద్ద. కరెంటు లేదు, నీళ్ళు లేవు, అందరూ నీళ్ళ క్యాన్ల కోసం పరుగెడుతుంటే మా నాన్న డాబా మీద పుస్తకాలు ఆరబెట్టారు. పక్కింటివాళ్ళు ఒడియాలు అనుకున్నారు. ఒక్కో పుస్తకాన్నీ బట్టల క్లిప్పులతో తీగ మీద వేలాడదీశాం. వేయిపడగలు ఉబ్బి రెండింతలైంది. మా తమ్ముడు రెండువేల పడగలు అని పేరు పెట్టాడు. సగం పైన పారేయాల్సి వచ్చింది.

మిగిలినవి అట్టపెట్టెల్లో కట్టేసి ఇన్నేళ్ళూ తియ్యలేదు. నాన్న పోయాక కూడా తియ్యలేదు. ఈ ఏడాది పందెం అన్నారు కదా, కొత్తవి కొనకూడదు, పెట్టెలో బతికినవే చదవాలి అని నాకు నేను పెట్టుకున్నాను. 17 అయ్యాయి. అన్నిటికీ మరకలు, కొన్నింటికి పేజీలు అతుక్కుపోయి ఉన్నాయి, బ్లేడుతో విడదీస్తే అక్షరాలు పక్క పేజీకి అంటుకుని వస్తాయి. ఏడు తరాలు చదువుతుంటే ఓడ అధ్యాయంలో నాలుగు పేజీలు అసలు లేవు. ఆఫ్రికాలో పట్టుకున్న కుంటా కింటేని బానిసల ఓడ ఎక్కించారు, తర్వాత పేజీలో దించేశారు. మధ్యలో ఏం జరిగిందో ఊహించుకోవడమే. లైబ్రరీకి వెళ్ళి ఆ నాలుగు పేజీలు చదవొచ్చు, కానీ నాకెందుకో వెళ్ళబుద్ధి కాలేదు.

వనవాసి మాత్రం ఒక్క మరక లేకుండా ఉంది. బిభూతిభూషణ్‌ది, సూరంపూడి సీతారామ్ అనువాదం. ఉద్యోగం కోసం అడవికి వెళ్ళిన పట్నం కుర్రాడు, ఆ అడవిని కౌళ్ళకిచ్చి నరికించడమే వాడి ఉద్యోగం. అడవి మీద వాడికి ప్రేమ పుడుతుంది, అయినా పని ఆపడు. తుపాను తర్వాత మన కొండలు ఎలా ఉన్నాయో గుర్తుందా, కైలాసగిరి, సింహాచలం కొండ, ఆకు లేకుండా, ఎవరో గుండు గీసినట్టు. దాన్ని చూసినవాళ్ళు ఈ పుస్తకం చదివితే ఇంకోలా ఉంటుంది. అక్కడ గాలి చేసింది, పుస్తకంలో మనిషి చేశాడు, జమాఖర్చు పుస్తకం చేతిలో పట్టుకుని.

సీతమ్మధార_పిల్ల
హుద్‌హుద్ అప్పుడు నేను చిన్నపిల్లని. పదిరోజులు స్కూలు లేదని సంబరపడ్డాను. ఇప్పుడు సిగ్గేస్తోంది.

సి_షిఫ్ట్
నాన్నగారి పేరు మీద ఆ నాలుగు పేజీలు అలా వదిలెయ్యండి సార్. చదవకండి.

హుద్‌హుద్_తర్వాత
సార్ కాదు, మేడం. అలాగే.

సి_షిఫ్ట్
అయ్యో, క్షమించండి అక్కా.

పాతపోస్టాఫీసు
ఇప్పుడే చూశాను. ముంత_మసాలా, పల్లీలు అయిపోయాయా?

కిటికీ_సీటమ్మా, నేను ముప్పై నాలుగేళ్ళు ప్లీడరు గుమస్తాగా పనిచేశాను. కోర్టు వరండాలో నిలబడి చూస్తే రోజూ పాతికమంది సుబ్బయ్యలు కనిపిస్తారు. జేబులో చెయ్యి పెట్టుకుని, లోపల పిలిచారేమో, పిలవలేదేమో, పిలిస్తే ఏం చెప్పాలి, చెప్పకపోతే ఏమవుతుంది అని లోలోపల తిరుగుతూ ఉంటారు. శాస్త్రిగారు ఈ ఊళ్ళోనే ప్లీడరీ చేసినాయన, ఆ వరండా మనుషుల్ని దగ్గరగా చూసినాయన. అల్పజీవి రాసేనాటికి ఆయన వయసు ముప్పై చుట్టుపక్కల. ఆ వయసులో మనం పిరికివాళ్ళని చూస్తే నవ్వుతాం, ఆయన నవ్వుతూనే వాడి బుర్రలోకి దిగి కూర్చున్నాడు. నీకు చిరాకు రావడం తప్పు కాదు. కానీ చిరాకు దగ్గరే ఆగిపోతే పుస్తకం సగమే చదివినట్టు. పైగా దాన్ని బస్సులో చదివావు.

కిటికీ_సీటు
బస్సులో చదివితే ఏం? మిగతా 30 కూడా బస్సులోనే చదివాను కదా బాబాయ్ గారూ.

నా చిరాకు ఎందుకో చెబుతాను. మీరు వరండాలో చూశారు, నేను పక్క టేబుల్ దగ్గర చూస్తున్నాను. మా ఆఫీసులో ఒక సుబ్బయ్య ఉన్నాడు. చాలా మంచివాడు, ఎవరి మాటా కాదనలేడు. పెద్దాయన ఏ కాగితం పెడితే దాని మీద సంతకం పెడతాడు, గట్టిగా మాట్లాడే పార్టీ వస్తే నియమాలన్నీ మరిచిపోతాడు. రెండేళ్ళ క్రితం ఆయన భయపడి వదిలేసిన ఒక ఫైలు తిరిగి తిరిగి నా మెడకి చుట్టుకుంది. ఏడు నెలలు సంజాయిషీలు రాసుకున్నాను. ఆయన మాత్రం నా టేబుల్ దగ్గరికి వచ్చి, పాపం, మీకెంత కష్టం వచ్చిందమ్మా అని కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. కాంట్రాక్టరు గవరయ్య దగ్గర సుబ్బయ్య డబ్బు తీసుకున్న దగ్గర నేను పుస్తకం మూసేసి కిటికీలోంచి బయటికి చూశాను. పిరికివాడు చేసే నష్టం అంతా ఇంతా కాదండీ. వాడి లోపల ఏం తిరుగుతోందో రెండొందల పేజీలు వినే ఓపిక నాకు లేదు.

సి_షిఫ్ట్
చదువుతుంటే ముల్లు గుచ్చుకున్నట్టుంది. నేను సుబ్బయ్యనే. మా సూపర్‌వైజర్ ముందు నోరు లేవదు. ఇంటికొచ్చి మాత్రం అన్నీ అద్దం ముందు చెబుతాను, ఇలా అనాల్సింది అలా అనాల్సింది అని. నాకు ఆ పుస్తకం అందుకే నచ్చింది. నా వల్ల పక్కవాళ్ళకి ఏమవుతుందో మాత్రం ఇప్పటిదాకా ఆలోచించలేదు.

పాతపోస్టాఫీసు
అమ్మా, నువ్వు చెప్పింది బలమైన సాక్ష్యం. కాదనను. కానీ ఒక్క విన్నపం. ఆ పుస్తకం రాసిన తీరు చూడు. ఆలోచన ఆగదు, ఒకదాని తోక ఇంకోటి పట్టుకుని నడుస్తుంది. నీ బస్సు మద్దిలపాలెంలో ఆగుతుంది, ఊర్వశి దగ్గర ఆగుతుంది, ఎవరో కాలు తొక్కుతారు, చిల్లర అడుగుతారు. ఆ గొలుసు తెగిపోతే మిగిలేది వాడి పిరికితనం ఒక్కటే. ఒక ఆదివారం ఇంట్లో కూర్చుని మొదటి యాభై పేజీలు మళ్ళీ చదువు. నచ్చకపోతే నా దగ్గరున్న ఆరు సారా కథలు నీకిచ్చేస్తాను, పాత ముద్రణ. నిషేధం రోజుల దొంగసారా, పోలీసులు, కోర్టులు, అబద్ధపు సాక్ష్యాలు. అందులో నోరున్నవాళ్ళు బోలెడుమంది, నీకు చిరాకు రాదు.

ముంత_మసాలా
నచ్చకపోతే బహుమతి, నచ్చితే ఏమీ లేదు. ఈ బేరంలో నచ్చేవాడెవడండీ?

భీమిలి_బామ్మ
హహ. నాకూ నచ్చలేదని రాసుకోండి, ఆ పుస్తకం నా దగ్గర లేదు.

లెక్కల_మాస్టారు
ఒక మాట. మళ్ళీ చదివితే లెక్కలోకి రాదు.

కిటికీ_సీటు
తెలుసు మాస్టారూ, తెలుసు.

అనకాపల్లి_బెల్లం
మాస్టారూ, మీవెన్ని? ఎప్పుడూ చెప్పరు.

లెక్కల_మాస్టారు
మూడు.

ముంత_మసాలా
ఏంటి???

లెక్కల_మాస్టారు
అందరి పట్టికలూ చూడడం, ఎవరు ఏం రాశారో చదవడం, ఇదే సరిపోయింది. మూడిట్లో ఒకటి కొల్లాయి గట్టితేనేమి. కోనసీమ మాది, ముంగండ పేరు కనబడగానే తీశాను. మహీధరవారు 1920ల నాటి ఊరు చూపిస్తారు, కాలేజీ మానేసి వచ్చిన రామనాథాన్ని ఊళ్ళో బ్రాహ్మలు ఎలా చూశారో. మా తాతగారి నోట విన్న మాటలు, ఆ యాస, ఆ పట్టింపులు. నెమ్మదిగా, రోజుకి పది పేజీలు, పెన్సిల్‌తో గీతలు గీసుకుంటూ నాలుగు నెలలు చదివాను. నాకు తొందర లేదు. పందెం మీకు, నాకు కాదు.

సీతమ్మధార_పిల్ల
మాస్టారూ, నా 9 మీకంటే మూడు రెట్లు. ఈ సంగతి మా నాన్నకి చెప్పాలి.

కిటికీ_సీటు
ఆదివారం అయింది. చెప్పిన మాట ప్రకారం చదివాను. యాభై కాదు, ఎనభై పేజీలు. ఫోను పక్క గదిలో పెట్టి, ఇస్త్రీ బట్టలు కూడా పక్కన పెట్టి.

బాబాయ్ గారు చెప్పినదాంట్లో నిజం ఉంది. బస్సులో నాకు వినపడని ఒక చప్పుడు ఈసారి వినపడింది. వాక్యాలు చిన్నచిన్నగా వచ్చి, మళ్ళీ అదే మాట ఇంకోలా వచ్చి, వెనక్కి పోయి, సుబ్బయ్య నడిస్తే అతని కాళ్ళు తడబడినట్టే వాక్యం తడబడుతుంది. కొన్నిచోట్ల నవ్వొచ్చింది. ఒకచోట వాక్యం చాలా బాగుందని పైకి చదివితే మా ఆయన తల తిప్పి చూసి, ఎవరు, మీ ఆఫీసాయనా అన్నాడు.

సుబ్బయ్య మీద మాత్రం జాలి ఇప్పటికీ రాలేదు. రాసినాయన మీద గౌరవం వచ్చింది. ఇది నచ్చినట్టా నచ్చనట్టా?

పాతపోస్టాఫీసు
కేసు వాయిదా వేస్తున్నాను. జనవరి మొదటి ఆదివారం, పొద్దున ఏడింటికి, బీచ్ రోడ్డులో ఎప్పుడూ కలిసే చోట. ఆరు సారా కథలు తెస్తాను, ఇవ్వడమా మానడమా అక్కడ తేల్చుకుందాం.

సి_షిఫ్ట్
నాకు ఆరోజు నైట్ షిఫ్ట్ దిగి రావాలి, ఏడున్నర అవుతుంది. ఎవరైనా వనవాసి తెస్తారా? మరకల్లేనిది అన్నారు కదా అక్కా, అట్ట వేసి జాగ్రత్తగా తిరిగిస్తాను.

హుద్‌హుద్_తర్వాత
తెస్తాను. వాన పడకపోతేనే.

కిటికీ_సీటు
నేను వేయిపడగలు తెస్తున్నాను, ఎవరైనా పట్టుకెళ్ళండి. వద్దు, ఆగండి, తేను. మొదటి పేజీ తెరిచాను ఇందాక.

లెక్కల_మాస్టారు
డిసెంబరు 31 లోపు అవదమ్మా అది. వచ్చే ఏడాది పట్టికలో వేస్తాను. ఈ ఏడాదికి మీది 30.

ముంత_మసాలా
31.

భీమిలి_బామ్మ
31.

లెక్కల_మాస్టారు
30.